శీలవతికీ సోకే వ్యాధి: హెచ్.ఐ.వి. నుండి స్త్రీ తననూ తనవారినీ కాపాడుకోవడం ఎలా?

హెచ్.ఐ.వి., ఎయిడ్స్ అన్న మాటలు వినబడగానే మన ఇళ్లలో పెద్దవాళ్లు సంభాషణ మార్చేస్తారు. "దైవభీతి ఉన్న ఇళ్లలోకి ఆ రోగం ఎందుకు వస్తుంది? అది అడ్డదారులు తొక్కేవారి రోగం" అని ఒక్క మాటతో ముగిస్తారు. ఆ మాటలో సగం నిజం ఉంది. వ్యభిచారం దరిదాపులకు కూడా పోవద్దని ఇస్లాం ఆజ్ఞాపించింది. భార్యాభర్తలిద్దరూ ఆ హద్దులలో నిలిచి ఉంటే ఈ వ్యాధి ప్రవేశించే అతిపెద్ద ద్వారం మూసుకుపోతుంది. అయితే ఇక్కడ 'ఇద్దరూ' అన్న పదం ముఖ్యమైనది. మన సంభాషణలలో తరచూ జారిపోయేది ఆ పదమే. ఇల్లాలి శీలం ఆమె నడవడికకు సాక్ష్యం. భర్త రక్తంలో ఏమున్నదో అది చెప్పలేదు.

భారతదేశంలో హెచ్.ఐ.వి.ని తొలిసారి 1986లో చెన్నైలో గుర్తించారు. ఆ పరిశోధనకు మార్గదర్శకత్వం వహించిన డాక్టర్ సునీతి సోలోమన్ 1993లో ఆ నగరంలోనే ఒక చికిత్సా కేంద్రాన్ని నెలకొల్పి, ఈ రోగుల సేవకే తన జీవితాన్ని అంకితం చేశారు. తమ వద్ద చికిత్స పొందిన దక్షిణ భారత మహిళల వివరాలను ఆమె, ఆమె సహచరులు పరిశీలించి 2000లో ప్రచురించారు. ఆ మహిళలలో అత్యధికులు గృహిణులు. భర్తను తప్ప మరో పురుషుణ్ణి ఎరుగనివారు. వారికి వ్యాధి వైవాహిక జీవితం ద్వారానే వచ్చింది.

నేడు మన దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నారు. వారిలో నూటికి దాదాపు 44 మంది స్త్రీలు. దేశంలోని వయోజనులలో సగటున 0.20 శాతం మందికి ఈ వైరస్ ఉండగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ ఆ నిష్పత్తి అంతకంటే అధికంగా ఉంది. కాబట్టి ఇది పరాయి ఊరి సమస్య కాదు. ఈ నెల మన శీర్షికలో ఈ విషయాన్ని దాపరికం లేకుండా, మర్యాద తప్పకుండా పరిశీలిద్దాం.

వ్యాధి ఏమిటి? ఎలా సోకుతుంది?

హెచ్.ఐ.వి. అనేది శరీరంలోని రోగనిరోధక శక్తిని క్రమంగా హరించే వైరస్. చికిత్స లేకుండా ఏళ్లు గడిచినప్పుడు, శరీరం చిన్న చిన్న రోగాలను కూడా ఎదుర్కోలేని దశకు చేరుకుంటుంది. ఆ చివరి దశ పేరే ఎయిడ్స్. వైరస్ సోకిన వ్యక్తి ఎన్నో సంవత్సరాలు పూర్తి ఆరోగ్యంగా కనిపించవచ్చు. ముఖం చూసి, ఒడ్డూ పొడుగూ చూసి ఎవరికి ఉందో, ఎవరికి లేదో చెప్పడం వైద్యునికి కూడా సాధ్యం కాదు. రక్తపరీక్ష ఒక్కటే దానికి మార్గం.

ఇది సోకే దారులు నాలుగే. వైరస్ ఉన్నవారితో రక్షణ లేని లైంగిక సంబంధం. వైరస్ ఉన్న రక్తాన్ని ఎక్కించడం. ఒకరికి వాడిన సూదిని, పదునైన పరికరాన్ని మరొకరికి వాడటం. తల్లి నుండి బిడ్డకు గర్భంలో గాని, ప్రసవ సమయంలో గాని, చనుబాల ద్వారా గాని చేరడం. కరచాలనం, ఆలింగనం, ఒకే పళ్లెంలో భోజనం, ఒకే గ్లాసులో నీరు, ఒకే వుజూ ఖానా, ఒకే మరుగుదొడ్డి, దోమకాటు, దగ్గు, తుమ్ము – వీటి వల్ల సోకదు. దస్తర్‌ఖాన్ మీద పక్కన కూర్చున్నంత మాత్రాన ఎవరికీ రాదు.

మరొక విషయం గమనించాలి. దాంపత్యంలో ఈ వైరస్ భార్య నుండి భర్తకు చేరడం కంటే భర్త నుండి భార్యకు చేరడం తేలిక. స్త్రీ శరీర నిర్మాణమే అందుకు కారణం. మర్మాంగాల వద్ద పుండ్లు గాని, ఇతర సుఖవ్యాధులు గాని ఉంటే ప్రమాదం మరింత పెరుగుతుంది. అసాధారణ స్రావం, దుర్వాసన, మంట, పుండు వంటివి కనబడినప్పుడు ఓర్చుకుని కూర్చోకుండా వైద్యురాలిని కలవడం కూడా హెచ్.ఐ.వి. నుండి రక్షణలో ఒక భాగమే.

సిగ్గు అడ్డు కారాదు

సిగ్గు విశ్వాసంలో భాగమని మనం పిల్లలకు చిన్ననాటి నుండే నేర్పుతాం. నేర్పవలసిందే. అయితే ఆ సిగ్గు మనల్ని పాపం నుండి ఆపాలి గాని, జ్ఞానం నుండి కాదు. మదీనాలోని అన్సార్ స్త్రీలు తమ శరీర ధర్మాలకు సంబంధించిన సూక్ష్మమైన ప్రశ్నలను సైతం దైవప్రవక్త (స) సన్నిధిలో అడిగి తెలుసుకునేవారు. ధర్మాన్ని గ్రహించే విషయంలో సిగ్గు వారికి అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని ప్రశంసించారు. బహిష్టు గురించి, గుసుల్ గురించి నిస్సంకోచంగా అడిగి నేర్చుకున్న స్త్రీల వారసులం మనం. మన ప్రాణానికీ మన కడుపులోని బిడ్డ ప్రాణానికీ సంబంధించిన విషయంలో నోరు విప్పకపోవడం ఏ విధమైన హయా అవుతుంది?

కూతురుకు వయసు వచ్చినప్పుడు తల్లి చెప్పే విషయాలలో ఇదీ ఉండాలి. తల్లికి చెప్పడం కష్టమనిపిస్తే ఖాలా గాని, ఫుప్పీ గాని, చదువుకున్న వదిన గాని చెప్పవచ్చు. కొడుకుకు తండ్రి చెప్పాలి. శీలం ఆడపిల్లకు మాత్రమే విధించబడిన నియమం కాదనీ, చూపులను అదుపులో ఉంచుకోవాలన్న ఆజ్ఞ పురుషులకూ ఉందనీ ఇంట్లోనే చెప్పకపోతే, రేపు అతణ్ణి నమ్మి వచ్చే పరాయి ఇంటి ఆడపిల్ల దాని మూల్యం చెల్లించవలసి వస్తుంది.

నికాహ్‌కు ముందు

సంబంధం కుదుర్చుకునేటప్పుడు మనం ఎన్నో విచారిస్తాం. వంశం, ఉద్యోగం, ఇల్లు, అబ్బాయి నమాజు చేస్తాడా లేదా, అక్కాచెల్లెళ్లెందరు – ఇవన్నీ అడుగుతాం. రక్తపరీక్ష మాత్రం అడగం. అడిగితే అవతలివారు అవమానంగా భావిస్తారని భయం. ఆ భయాన్ని తొలగించే సులువైన మార్గం ఒకటుంది. పరీక్షను ఒక్క అబ్బాయికే అడగకుండా, ఇద్దరికీ చేయించాలి. ముందుగా అమ్మాయి తరఫువారే "ఇదిగో, మా అమ్మాయి పరీక్ష కాగితం. మీ అబ్బాయిది కూడా చేయిస్తే రెండు ఇళ్లవారికీ నిశ్చింతగా ఉంటుంది" అని చెప్పవచ్చు. అలా చెప్పినప్పుడు అందులో నింద ఉండదు.

ముస్లిం సమాజాలలో ఇది కొత్త ఆలోచన కాదు. మలేసియాలోని జొహోర్ రాష్ట్రంలో 2001 నుండి పెళ్లి చేసుకోదలచిన ముస్లిం జంటలకు హెచ్.ఐ.వి. పరీక్ష జరుపుతున్నారు. తరువాత అక్కడి ఇతర రాష్ట్రాలూ ఆ పద్ధతిని అనుసరించాయి. అక్కడ పరీక్ష ఉద్దేశం పెళ్లిని ఆపడం కాదు. ఫలితం తెలిసిన జంటకు సలహా ఇస్తారు, నిర్ణయం వారిదే. మన దేశంలో వ్యక్తి సమ్మతి లేకుండా ఈ పరీక్ష చేయడం చట్టవిరుద్ధం. కాబట్టి బలవంతం వద్దు. కాని ఇరుపక్షాల పెద్దలు, ఖాజీ, మస్జిద్ కమిటీ కలిసి దీన్ని మంచి ఆచారంగా అలవాటు చేయవచ్చు. వధువుకు కాబోయే భర్త వ్యాధి గురించి తెలుసుకునే హక్కు ఎంత ముఖ్యమైనదో మన సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. పెళ్లి కుదిరిన ఒక వ్యక్తికి హెచ్.ఐ.వి. ఉన్న సంగతిని ఆసుపత్రి వెల్లడించిన కేసులో, అతని గోప్యత కంటే ఆ అమ్మాయి ప్రాణానికే కోర్టు ఎక్కువ విలువ ఇచ్చింది.

పరీక్షకు సంబంధించి ఒక జాగ్రత్త ఉంది. వైరస్ శరీరంలో ప్రవేశించిన మరునాడే పరీక్షలో బయటపడదు. కొన్ని వారాలు, ఒక్కోసారి మూడు నెలల వరకు పట్టవచ్చు. అందువల్ల అనుమానానికి ఏదైనా కారణం ఉన్నప్పుడు, మూడు నెలల తరువాత మరోసారి పరీక్ష చేయించడం అవసరం. ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రాలలో ఈ పరీక్ష ఉచితం. అక్కడి కౌన్సిలర్ ముందుగా విడిగా మాట్లాడి, సమ్మతి తీసుకున్న తరువాతే రక్తం తీస్తారు. ఫలితాన్ని రహస్యంగా ఉంచుతారు.

భర్త దూరదేశం నుండి వచ్చినప్పుడు

మన రెండు రాష్ట్రాల నుండి వేలాది మంది సోదరులు గల్ఫ్ దేశాలలో పనిచేస్తున్నారు. లారీ డ్రైవర్లుగా, మేస్త్రీలుగా, వ్యాపారులుగా నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండేవారూ ఎందరో. వారిలో అత్యధికులు భార్యాపిల్లల కోసం చెమటోడ్చే నిజాయితీపరులు. వారందరినీ అనుమానించడం పాపం. అయితే ఒంటరితనం మనిషిని ఎక్కడికైనా లాగవచ్చు. ఒక్కసారి జరిగిన తప్పు కూడా ఇంటికి వ్యాధిని తీసుకురావచ్చు.

గల్ఫ్ ఉద్యోగానికి వెళ్లే ముందు మెడికల్ పరీక్ష తప్పనిసరి, అందులో హెచ్.ఐ.వి. పరీక్ష కూడా ఉంటుంది. "మా ఆయన మెడికల్ ఫిట్ అయ్యారు" అని ఇల్లాలు నిశ్చింతగా ఉంటుంది. కాని ఆ కాగితం పరీక్ష జరిగిన రోజు స్థితిని మాత్రమే చెబుతుంది. ఆ తరువాత గడిచిన రెండేళ్ల గురించి అది ఏమీ చెప్పదు. కాబట్టి దీర్ఘకాలం దూరంగా ఉండి వచ్చిన భర్తతో, షుగర్, బి.పి. పరీక్షలతో పాటు ఈ పరీక్షను కూడా ఇద్దరం చేయించుకుందామని భార్య అడగవచ్చు. "నాకూ చేయిస్తాను, మీరూ చేయించుకోండి, పిల్లల కోసం" అని ప్రేమగా చెప్పిన మాటకు కోపం తెచ్చుకునే భర్తలు తక్కువ.

ఇక్కడ మన ఇళ్లలో ఉన్న ఒక అపోహను కూడా తొలగించాలి. "మనవాళ్లకు ఖత్నా జరిగి ఉంటుంది కాబట్టి ఆ రోగం రాదు" అని కొందరు చెబుతారు. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాలలో జరిగిన పరిశోధనలలో ఖత్నా వల్ల స్త్రీ నుండి పురుషునికి వైరస్ సోకే అవకాశం సుమారు 60 శాతం తగ్గుతుందని తేలిన మాట నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో దాన్ని ఒక రక్షణ పద్ధతిగా సిఫారసు చేసింది. కాని 60 శాతం తగ్గడమంటే పూర్తిగా తొలగడం కాదు. పైగా ఆ రక్షణ పురుషునికే. ఇప్పటికే వైరస్ ఉన్న పురుషునికి ఖత్నా జరిగి ఉన్నంత మాత్రాన అతని భార్యకు రక్షణ కలగదని ఉగాండాలోనే జరిపిన మరో పరిశోధన చూపింది. ఖత్నాను నమ్ముకుని భార్య నిర్లక్ష్యంగా ఉండకూడదు.

ప్రమాదం తెలిసిన భార్య ఏం చేయాలి?

భర్తకు వైరస్ ఉందని తెలిసినా, అతని నడవడి మీద బలమైన ఆధారాలతో అనుమానం కలిగినా, భార్య నిస్సహాయురాలు కాదు. తనకు తాను హాని తెచ్చుకోవడాన్ని గాని, ఇతరులకు హాని కలిగించడాన్ని గాని ఇస్లాం అనుమతించదు. భర్త పరీక్ష చేయించుకునేవరకు రక్షణ లేని సంబంధానికి నిరాకరించడం ఆమె ప్రాణరక్షణ హక్కు. హెచ్.ఐ.వి. సోకిన వ్యక్తి ఇతరులకు సోకకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలని 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం కూడా నిర్దేశిస్తోంది.

నిరోధ్ అని మనవాళ్లు పిలిచే కండోమ్‌ను సరిగా, ప్రతిసారీ వాడితే వైరస్ చేరే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. దాని పేరెత్తడానికే కొందరు సంకోచిస్తారు. దైవప్రవక్త (స) కాలంలో సహాబాలు అజ్ల్ పాటించిన ప్రస్తావన హదీసులలో ఉంది. భార్య సమ్మతితో అది ధర్మసమ్మతమేనని అధిక సంఖ్యాకులైన ఫిఖహ్ పండితులు అభిప్రాయపడ్డారు. దంపతుల మధ్య కండోమ్ వాడకాన్ని నేటి పండితులు పలువురు ఆ కోవలోనే పరిగణిస్తున్నారు. అయితే అజ్ల్ హెచ్.ఐ.వి. నుండి రక్షించదు, కండోమ్ రక్షిస్తుంది. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ప్రమాదకరమైన సంఘటన ఇప్పటికే జరిగిపోయి ఉంటే 72 గంటల లోపు ఆసుపత్రికి చేరుకోవాలి. ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది. 28 రోజుల పాటు వాడే మందులు వైరస్ శరీరంలో నిలదొక్కుకోకుండా అడ్డుకోగలవు. అత్యాచారానికి గురైన స్త్రీకి, చేతికి సూది గుచ్చుకున్న నర్సుకు కూడా ఇదే మార్గం. ఇక భర్త మొండితనంతో భార్య ప్రాణాన్నే లెక్కచేయనప్పుడు ఆమెకు ఖులా మార్గం తెరిచి ఉంది. భర్తకు తీవ్రమైన సుఖవ్యాధి ఉండటాన్ని భార్య విడాకులు కోరగల కారణాలలో ఒకటిగా 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కూడా పేర్కొంది.

గర్భిణి, ఆమె బిడ్డ

ప్రతి గర్భిణీ మొదటి మూడు నెలలలోనే హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకోవాలి. ఇది ఆమె శీలానికి పెట్టే పరీక్ష కాదు. బిడ్డకు ఇచ్చే తొలి కానుక. తల్లికి వైరస్ ఉండి చికిత్స లేకపోతే, పుట్టే బిడ్డలలో నూటికి 15 నుండి 45 మందికి అది సోకే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తల్లి మందులు క్రమం తప్పకుండా వాడి, బిడ్డకు కూడా పుట్టగానే మందు ఇస్తే ఆ సంఖ్య నూటికి ఐదు కంటే తక్కువకు పడిపోతుంది. ఈ మందులన్నీ ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం.

ప్రసవం ఆసుపత్రిలోనే జరగాలి. మందులు వాడుతున్న తల్లి మొదటి ఆరు నెలలూ తన పాలు మాత్రమే పట్టాలి. ఆ ఆరు నెలలలో ఒకవైపు చనుబాలు, మరోవైపు పోతపాలు, తేనె, ఘుట్టీ కలిపి ఇవ్వడం వల్ల బిడ్డ పేగులు దెబ్బతిని వైరస్ చేరే ప్రమాదం పెరుగుతుంది. నానమ్మలు, అమ్మమ్మలు ప్రేమతో పెట్టే చెంచాడు తేనె విషయంలో కూడా ఈ జాగ్రత్త అవసరం. బిడ్డకు ఆరు వారాల వయసులో తొలి పరీక్ష, 18 నెలలకు తుది పరీక్ష జరుగుతాయి. మధ్యలో మానకూడదు.

సూది, బ్లేడు, రక్తం

2019లో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో రతోదెరో అనే చిన్న పట్టణం ప్రపంచాన్ని కలచివేసింది. జ్వరం తగ్గక తల్లిదండ్రులు తీసుకువచ్చిన పసిపిల్లలకు పరీక్ష చేయగా ఒకరి తరువాత ఒకరికి హెచ్.ఐ.వి. బయటపడింది. కొన్ని నెలలలోనే ఆ సంఖ్య వందలకు చేరింది. వారిలో అత్యధికులు చిన్నారులే. చాలా మంది తల్లులకు పరీక్ష చేస్తే వారికి వైరస్ లేదు. వాడిన సిరంజీలనే మళ్లీ మళ్లీ వాడటం, అపరిశుభ్రమైన వైద్యపద్ధతులు దానికి ప్రధాన కారణాలని నిపుణుల విచారణలో తేలింది. అంతకు ముందు ఏడాది మన ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో కూడా, ఒకే సూదిని పలువురికి వాడిన నాటువైద్యం వల్ల పదుల మందికి వ్యాధి సోకినట్లు బయటపడింది.

ఈ రెండు సంఘటనలలో మనకు పాఠాలున్నాయి. మొదటిది: ఎవరికైనా హెచ్.ఐ.వి. ఉందని తెలియగానే వారి గుణాన్ని శంకించడం ఘోరమైన అన్యాయం. రెండవది: పిల్లవాడికి సూది వేయించేటప్పుడు కొత్త సిరంజిని మన కళ్లముందే కవరు చించి తీయమని అడగాలి. మాత్రతో తగ్గే జ్వరానికి "ఒక ఇంజక్షన్ వేయండి డాక్టర్ గారూ" అని ఆర్.ఎం.పి.ని మనమే ఒత్తిడి చేయడం మానాలి. ఖత్నాకు, ముక్కుచెవులు కుట్టించడానికి ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ వేరే బ్లేడు, వేరే సూది ఉండాలి. ఒకేచోట పది మంది పిల్లలకు ఖత్నా జరిపించేటప్పుడు ఈ విషయం నిర్వాహకులను అడగడానికి మొహమాటపడకూడదు. ప్రసవంలో గాని, రక్తహీనత వల్ల గాని రక్తం ఎక్కించవలసి వస్తే లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకు నుండే తీసుకోవాలి.

వ్యాధి ఇంట్లో ఉన్నప్పుడు

ఇక అన్నింటికంటే పెద్ద పరీక్ష ఇది. భర్త ఎయిడ్స్‌తో మరణిస్తాడు. భార్యకు పరీక్ష చేస్తే ఆమెకూ వైరస్ ఉంటుంది. వ్యాధిని తెచ్చినవాడు భర్తే అయినా "నీ వల్లే నా కొడుకు పోయాడు" అన్న నింద కోడలి మీద పడుతుంది. ఇద్దత్ ముగియకముందే ఆమె పళ్లెం వేరవుతుంది, పడక వేరవుతుంది, చివరకు పిల్లలతో పుట్టింటికి పంపివేస్తారు. ఇలాంటి అన్యాయాన్ని మన సమాజంలోని స్త్రీలే, అత్తలుగా, ఆడపడుచులుగా, తమ చేతులతో చేస్తున్నారంటే అది మరింత బాధాకరం.

వితంతువుకు భర్త ఆస్తిలో షరీఅత్ వాటా నిర్ణయించింది. సంతానం ఉంటే ఎనిమిదవ వంతు, లేకపోతే నాల్గవ వంతు. ఆ వాటాను ఏ రోగమూ రద్దు చేయదు. 2017 నాటి చట్టం – ఇది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉంది – హెచ్.ఐ.వి. ఉన్నవారిని ఉమ్మడి ఇంటి నుండి వెళ్లగొట్టరాదని, ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపరాదని స్పష్టం చేసింది. వెల్లడిస్తే కొడతారని, వదిలేస్తారని భయమున్న స్త్రీల విషయంలో వైద్యులు వారి రహస్యాన్ని భర్తకు చెప్పకుండా ఉండే వెసులుబాటు కూడా అందులో ఉంది.

హెచ్.ఐ.వి. నేడు మరణశిక్ష కాదు. 2004 ఏప్రిల్ 1 నుండి మన ప్రభుత్వం ఎ.ఆర్.టి. మందులను ఉచితంగా అందిస్తోంది. చాలా మందికి రోజుకు ఒక మాత్ర సరిపోతుంది. జీవితాంతం, ఒక్క పూట కూడా మానకుండా వాడాలి. అలా వాడినవారి రక్తంలో వైరస్ కొన్ని నెలలలో పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. ఆ స్థితి నిలిచి ఉన్నంతకాలం వారి నుండి జీవిత భాగస్వామికి లైంగిక సంబంధం ద్వారా వైరస్ సోకదు. యూరప్‌లో 888 జంటలను పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వెలువడింది; ఆ జంటలలో ఒకరికి వైరస్ ఉంది, మరొకరికి లేదు. చికిత్స పొందుతున్న భాగస్వామి నుండి రెండవవారికి సోకిన ఉదంతం ఒక్కటి కూడా అందులో కనబడలేదు. అంటే మందు వాడటం తన ప్రాణానికే గాక తనవారికీ రక్షణ. అయితే వైరస్ తగ్గిందో లేదో పరీక్ష ద్వారా వైద్యులు నిర్ధారించాలి, మనం ఊహించుకోకూడదు. దుఆ చేయించామని, జంజం నీరు తాగామని మందు మానేయడం అవివేకం. చికిత్స పొందమని ఆదేశించిన ప్రవక్త (స) అనుచరులం మనం. వైరస్ ఉన్న స్త్రీకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ప్రమాదం ఇతరుల కంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువ. ఎ.ఆర్.టి. కేంద్రంలో చెప్పిన మేరకు ఆ పరీక్ష కూడా క్రమంగా చేయించుకోవాలి. దగ్గు ఎన్ని రోజులుగా ఉన్నా క్షయ పరీక్ష చేయించాలి.

ఈ విషయంలో ఆఫ్రికాలోని ఉగాండా ముస్లింలు మనకు దారి చూపారు. అక్కడి ఇస్లామిక్ మెడికల్ అసోసియేషన్ 1990ల తొలినాళ్లలో ఇమాములకు ఎయిడ్స్ గురించి శిక్షణ ఇచ్చింది. వారితో పాటు పురుషులూ స్త్రీలూ అయిన కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి కుటుంబాలకు బోధించారు. ఖత్నాకు ఒక్కో పిల్లవాడికి ఒక్కో బ్లేడు వాడాలని, మయ్యిత్‌కు గుసుల్ చేయించేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలని నేర్పారు. ఐక్యరాజ్య సమితి ఎయిడ్స్ విభాగం 1998లో ఆ కృషిని ఇతర దేశాలకు ఆదర్శంగా చూపుతూ ఒక నివేదిక ప్రచురించింది. మన మొహల్లాలలో ఎయిడ్స్‌తో మరణించిన స్త్రీకి గుసుల్ ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాకపోవడం ఎంత శోచనీయం! చేతికి తొడుగులు, పుండ్లు ఉంటే వాటిపై కట్టు, పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోవడం – ఈ జాగ్రత్తలతో ఆ ఫర్జ్‌ను నెరవేర్చవచ్చు.

ఈ నెలలో మనం చేయగల పనులు

సోదరీమణులారా! చదివి పక్కన పెట్టడానికి కాదు ఈ వ్యాసం. ఇంట్లో పెళ్లి సంబంధం నడుస్తుంటే ఇద్దరి పరీక్ష విషయం పెద్దల ముందు ఎత్తండి. గర్భవతి అయిన కోడలిని, కూతురిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. మీ వీధిలో ఎవరైనా సోదరి ఈ వ్యాధితో ఒంటరిగా ఉంటే, ఈ శుక్రవారం ఆమె ఇంటికి వెళ్లి ఆమె చేతి టీ తాగి రండి; వంద ఉపన్యాసాల కంటే అది ఎక్కువ పని చేస్తుంది. మహిళా ఇజ్తిమాలో ఒక గంట ఈ విషయానికి కేటాయించి, ఏ.ఎన్.ఎం.ను గాని, వైద్యురాలిని గాని పిలిపించండి. సందేహాలుంటే పేరు చెప్పనవసరం లేకుండా 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

తప్పు చేసినవాడు పశ్చాత్తాపపడితే అతని తౌబా స్వీకరించడానికి అల్లాహ్ ద్వారం తెరిచి ఉంది. ఏ తప్పూ చేయకుండానే ఈ వ్యాధి భారాన్ని మోస్తున్న స్త్రీలకు, బిడ్డలకు మాత్రం మన ఇళ్ల ద్వారాలు మూసి ఉండటం ఏ న్యాయం? అల్లాహ్ మన కుటుంబాలను కాపాడుగాక! వ్యాధిగ్రస్తులకు స్వస్థతను, వారిని చూసుకునేవారికి సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.